పేజీకి వంద బైసలు

రువీలో, బస్టాండు వెనక సందులో
హంజా కాకా జిరాక్స్ దుకాణం.
పదకొండేళ్లుగా అక్కడ కూర్చొని
పని లేనివాళ్ల బయోడేటాలు కొడుతున్నాను.
పేజీకి వంద బైసలు. ఫోటోకు వేరే.

ఫోటోల కోసం మేకుకు ఒక కోటు వేలాడుతుంటుంది.
నీలం రంగు, నలభై సైజు.
బక్కపలచటివాడైతే వెనక నుంచి బట్టల క్లిప్పులు పెడతాను,
కెమెరాకు వీపు కనపడదు కదా.
మస్కట్‌లో ఈ కోటు చూసినన్ని కంపెనీలు
ఇంకెవరూ చూసి ఉండరు.
దీనికీ ఇంకా పిలుపు రాలేదు.

మొన్న బొమ్మెన మణిదీప్ వచ్చాడు, కోరుట్ల పిల్లగాడు.
విజిట్ వీసాలో పందొమ్మిది రోజులు మిగిలాయి.
మెకానికల్ ఇంజినీరు.
కాలేజీలో లేతు మిషను ఉండేదట,
తనిఖీకి వచ్చిన రోజు తప్ప
నాలుగేళ్లూ దాని మీది ప్లాస్టిక్ కవరు తియ్యలేదట.
తర్వాత అమీర్‌పేటలో మూడు కోర్సులు,
ఒకటి నేర్చుకొని మెట్లు దిగేసరికి
కింద బోర్డు మీద ఇంకో కోర్సు పేరు.
"అనుభవం అన్నకాడ ఏం రాయాలన్నా?"
"ఏం చేసినవ్?"
"ఎతికిన."

అదే పూట హైథమ్ అల్ బలూషీ వచ్చాడు, సీబ్ నుంచి.
తెల్లటి దిష్‌దాషా, ఇస్త్రీ మడత చెదరలేదు.
అతనికి కోటు అక్కర్లేదు.
లాజిస్టిక్స్ డిప్లొమా, ఆ తర్వాత మూడేళ్లు ఖాళీ.
ఆ ఖాళీ మీద వేలు పెట్టి
ఇక్కడ ఏదైనా నింపు అన్నాడు,
గోడకు సున్నం వెయ్యమన్నట్టు.

ఇద్దరి చేతిలో ఒకటే ప్రకటన:
ఘలాలో గోదాము. స్టోర్‌కీపరు. ఒక్క పోస్టు.
రెండేళ్ల అనుభవం తప్పనిసరి.
మొదటి రోజే ఎవరూ ఇవ్వని చోట
రెండేళ్లు ఎక్కడ అమ్ముతారో అందులో రాయలేదు.

"ఆళ్ల కోటా వల్లనే మనకు వస్తలేవన్నా"
అంటాడు మణిదీప్.
"మీవాళ్లు సగం జీతానికే వస్తారు, మమ్మల్నెవరు పిలుస్తారు"
అంటాడు హైథమ్, హిందీలో, కోపం లేకుండా,
ఎండ గురించి చెప్పినట్టు.
ఒకరు లేచిన కుర్చీ వెచ్చగా ఉండగానే ఇంకొకరు కూర్చున్నారు.
ఇద్దరికీ తలూపాను.
టైపు కొట్టేవాడి తల ఉన్నది అందుకే.

సాయంత్రం రద్దీలో స్టేప్లరు కొడుతూ
రెండో పేజీలు తారుమారు చేశాను.
రాత్రి మిగిలిన కాపీలు సర్దుతుంటే తెలిసింది.
హైథమ్‌కు తెలిసిన భాషలు: తెలుగు, హిందీ.
మణిదీప్‌కు అరబ్బీ, బలూచీ.
తక్కినదంతా నా కంప్యూటర్లోని ఒకటే అచ్చు:
కష్టపడే స్వభావం. ఒత్తిడిని తట్టుకోగలను.
వెంటనే చేరగలను.

వారం పాటు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.
ఎవరూ తిట్టలేదు. ఎవరూ నవ్వలేదు.
రెండో పేజీ దాకా ఎవరూ పోలేదు.

పదో రోజు ఆ గోదాము మనిషే వచ్చాడు
డ్యూటీ చార్టు జిరాక్సుకు, ఆరు కాపీలు.
స్టోర్‌కీపరు గడిలో రాత్రి వాచ్‌మన్ పేరు.
జీతం మాత్రం పాతదే అని
అడక్కుండానే చెప్పాడు, ఏదో గెలిచినట్టు.
"మరి ఆ పోస్టు?"
"ఏ పోస్టు?"
ఆరువందల బైసలు తీసుకున్నాను.

ఈ సంగతి ఇద్దరికీ చెప్పలేదు.
ఎందుకు చెప్పలేదో నాకూ సరిగ్గా తెలియదు.
ఒకరి నోటికాడి ముద్ద ఇంకొకరు తిన్నారనుకుంటూ
మళ్లీ వచ్చారు, వేరే ప్రకటన పట్టుకొని.

శుక్రవారం, షట్టరు సగం దించి
కోటుకు ఊడిన గుండీ కుట్టాను.
మెడ దగ్గర చెమట చార, ఎంత ఉతికినా పోదు,
ఎవరిదని చెప్పగలం.
కుట్టు సరిగ్గా పడిందో లేదో చూద్దామని
ఒక్కసారి నేనే తొడుక్కున్నాను.

క్లిప్పులు అక్కర్లేకపోయింది.